ఈకల సంచి

నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక, దుబాయ్‌లో. నేర్పింది నేను వంట చేసే ఇంటి మేడం. వాళ్లది హైదరాబాద్. వర్సాన్ గోదాముల దగ్గర ఫ్లాట్.

సారుకు కొండల పిచ్చి. సెలవు రోజు వస్తే కల్బా వైపు రాళ్ల కొండలెక్కేవారు. ఆ ఏడాది చిలీ, బొలీవియా దేశాల సరిహద్దు మీదున్న జంట అగ్నిపర్వతాలకు వెళ్లాలనుకున్నారు. వాటి ఫొటో ఫ్రిజ్ మీద అంటించారు. పక్కపక్కనే రెండు తెల్లటి కొండలు. వాటి కోసం బాతు ఈకలు నింపిన స్లీపింగ్ బ్యాగ్ కొన్నారు.

‘‘అగ్గి కొండలంటిరి, గింత మందం బొంతెందుకు సారూ?’’ అని నవ్వాను.

‘‘అగ్గి ఎప్పుడో చల్లారిందక్కా. పైన అంతా మంచే. ఈ సంచి లేకుంటే నేను ఖలాస్.’’

ప్రయాణానికి ముందు సారు పెదనాన్న హైదరాబాద్‌లో పోయారు. మైల రోజుల్లో మంచం మీద పడుకోకూడదు గనుక సారు హాల్లో నేల మీద ఆ సంచిలోనే పడుకున్నారు. పదకొండో రోజు మా ఊళ్లో చేసినట్టే పక్కబట్టలన్నీ నానబెట్టాను. సంచినీ సబ్బునీళ్లలో ముంచి, తొక్కి, పిండి, బాల్కనీలో ఆరేశాను. ఎవరూ చెప్పకుండానే చేశానని గర్వపడ్డాను కూడా. ఎండాక చూస్తే ఈకలన్నీ ముద్దలు కట్టి, మధ్యలో ఉత్త గుడ్డే మిగిలింది. చేత్తో కొట్టి, దులిపి, చుట్టి, కవర్లో పెట్టేశాను.

కొండ కింది ఊరి నుంచి సారు ఫోన్ చేశారు. మేడం స్పీకర్ పెట్టారు.

‘‘సంచి పల్చగైనట్టుంది. ఎవరన్నా ఉతికినారా?’’

మేడం నా వైపు తిరిగారు. ‘‘నువ్వేమన్నా ఉతికినవా?’’

‘‘లే మేడం. నేనెందుకు ముట్టుకుంట?’’

‘‘అయితే దుబాయ్ ఎండలకు అలవాటు పడి నాకే చలెక్కువైంది. యల్లా, పైకి పోతున్న’’ అని సారు నవ్వారు.

రెండు కొండల నడుమ గుడారంలో పడుకున్న మనిషి తెల్లారి లేవలేదు. చలికి బిగుసుకుపోయారని తోటివాళ్లు చెప్పారు. గుడారం సరిగ్గా సరిహద్దు మీద ఉందట. చావు కాగితం ఏ దేశం ఇవ్వాలో తేలేవరకు మేడం ఫోన్ పక్కనే కూర్చున్నారు. అన్నం పెడితే ముట్టలేదు. నేను వంటింట్లో నిలబడి ఉన్నాను. అప్పుడూ చెప్పలేదు.

మేడం దుబాయ్‌లో చేస్తున్న ఉద్యోగం మానలేదు. సాయంత్రాలు ఇంట్లో ఆమెకు తోచేది కాదు. ‘‘రా, కూర్చో, నీకు రాయడం నేర్పుతా’’ అన్నారు ఒకనాడు. సారు కూర్చునే కుర్చీలోనే కూర్చోబెట్టి, నా చెయ్యి పట్టుకుని దిద్దించారు. ఏడాదికి నాకు వాక్యాలు వచ్చాయి. నోటితో చెప్పలేనిది రాద్దామనుకున్నాను. సంచి నేనే ఉతికాను, భయపడి అబద్ధం చెప్పాను అని రాసి పుస్తకం ఆమె ముందు పెట్టాను.

మేడం ఎర్ర పెన్నుతో చదవడం మొదలుపెట్టి, పెన్ను మూసేశారు.

‘‘ఉతికితే ఉతికినవు. ఫోన్‌లో అడిగినప్పుడన్నా చెప్పి ఉంటే, ఆ ఊర్లనే ఇంకోటి కిరాయికి తీసుకుంటుండె గదా.’’

‘‘అవును మేడం’’ అన్నాను.

తిడతారని, పంపేస్తారని చూశాను. పంపేస్తే బాగుండు అనుకున్నాను. మరునాడు పొద్దున ఎప్పటిలాగే ‘‘టీ పెట్టు’’ అన్నారు. ఆ ఇంట్లో ఇంకో రెండేళ్లు వండాను. పుస్తకం మాత్రం మళ్లీ తెరవమనలేదు.