గుట్ట మీద గోరంత ఋషి

నైజాం రాజ్యం ఇంకా నడుస్తున్న ఆ రోజుల్లో నాకు పందొమ్మిదేళ్ళు. ప్రపంచంలో ఎక్కడ ఎవరు వేసిన బొమ్మ మీదైనా నాకొక అభిప్రాయం ఉండేది. నల్గొండ పక్కన మగ్గాల వాడలో పుట్టి, హైదరాబాదులో బొమ్మల బడిలో చేరిన మొదటివాణ్ణి నేనే. అక్కడ గీయడంతో పాటు చిత్రకళ చరిత్ర కూడా చెప్పేవారు. ఇటలీవాళ్ళు దూరాన్ని ఎట్లా కొలిచి గీశారో, ఫ్రాన్సువాళ్ళు ఎండను ఎట్లా పట్టుకున్నారో, ఆ తర్వాతివాళ్ళు మనిషి ముఖాన్ని ముక్కలు చేసి ఎందుకు అతికించారో, అన్నీ ఉర్దూలో విన్నాం. పాఠానికి ఉన్నది ఒకే ఒక్క లావుపాటి పుస్తకం, అందులోని బొమ్మలన్నీ నలుపూ తెలుపే. అయినా ఫ్రాన్సువాళ్ళ నీలం గొప్పదా, పసుపు గొప్పదా అన్న వాదంలో నేనూ, నా గదిలో ఉండే స్నేహితుడూ (ముక్కల బొమ్మల పక్షం కనుక అతన్ని అందరం ‘ముక్కలు’ అనేవాళ్ళం) రెండు రోజులు మాటలు మానుకున్నాం. మా మాస్టర్ సాబ్ మాత్రం "మియా, ముందు జర చూడు, తర్వాత మాట్లాడు" అనేవారు. ఆయన పాతకాలం మనిషన్న విషయంలో మా ఇద్దరికీ పేచీ లేదు.

ఆ యేడు ఎండకాలం సెలవులకు ఇంటికి పోయేసరికి వాడలో పటం కథ తాత దిగి ఉన్నాడు. మా నేతవాళ్ళ కులం పుట్టుకను పాడి చెప్పడం ఆయన వంశం పని. పొడవాటి గుడ్డ మీద కథంతా బొమ్మలుగా రాసి ఉంటుంది; దాన్ని గుంజలకు వేలాడదీసి, ఒక్కో గడి విప్పుతూ, కర్రతో చూపిస్తూ పాడతాడు. చిన్నప్పటి నుంచీ చూసిన బొమ్మలే. కానీ ఈసారి నాకు వాటిలో తప్పులే కనిపించాయి. వెనుకంతా ఒకటే ఎరుపు, దగ్గరివాళ్ళూ దూరంవాళ్ళూ ఒకటే ఎత్తు, నీడన్నది ఎక్కడా లేదు. ఇవన్నీ తాతకు వివరించాను. ఆయన చుట్ట కాలుస్తూ శ్రద్ధగా విని, "గట్లనా" అన్నాడు.

చిక్కేమిటంటే, వానకు తడిసి ఒక గడి రంగు లేచిపోయి ఉంది. మా కులానికి మూలపురుషుడైన ఋషి పులినెక్కి రాక్షసుడి మీదికి వచ్చే గడి అది. పటాలు రాసేవాళ్ళు చేర్యాల దిక్కున ఉంటారు, పోయి రాయించుకు రావడానికి వారం పైనే పడుతుంది, కథేమో మూడో రోజే. మా బాపు మగ్గం గుంటలో నుంచి లేవకుండానే, "మావోడు పట్నంల గదే సదువుతుండు. రాస్తడు తియ్" అన్నాడు. (నా చదువు గురించి బాపు పదిమందిలో మాట్లాడగా వినడం అదే మొదలు.)

రెండు రోజులు తిండి కూడా మరిచి రాశాను. ముందర, మనకు వీపు పెట్టి, గడిలో సగం నిండా రాక్షసుడు. ఎక్కడో దూరంగా నీలం గుట్ట, దాని మీద అప్పుడే పొడుస్తున్న సూర్యుడు, ఆ వెలుగు వీపు వెనుక నుంచి వస్తుంది కనుక ముఖం మీద నీడతో, పులి మీద ఋషి. తాత వచ్చి చాలాసేపు చూసి, "ఇగ ఎండిపోయింది గద" అన్నాడు. నేనది మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

పొద్దు వాలుతుండగా కథ మొదలైంది. ఋషి వచ్చే గడి దగ్గర కొబ్బరికాయలు కొట్టడం ఆనవాయితీ కనుక అందరూ కాయలు చేతబట్టుకుని కూర్చున్నారు. తాత గడి విప్పి, పాడుతూ, కర్ర ఆనించాడు. కర్ర మొన కింద ఋషీ, పులీ రెండూ మాయమయ్యాయి.

అందరికంటే వెనుక కూర్చున్న మా అవ్వ, "ఏడున్నడురా? నాకు రాచ్చసుడే కనవడుతుండు" అంది.

"గదిగో అవ్వా, గుట్ట మీద. పిల్లి మీద కూసున్నడు" అన్నారెవరో.

కులపెద్ద కాయ పక్కన పెట్టి లేచాడు. "దండం ఎవలకు పెట్టాలె? గీ రాచ్చసునికా?"

ఆయన వెళ్ళిపోతే కథ ఆగిపోతుంది. ఆగితే తాతను ఈ వాడకు మళ్ళీ ఎవరూ పిలవరు. బాపు తలవంచుకుని తన అరచేతులు చూసుకుంటున్నాడు. భూమి చీలితే బాగుండునని నేను నిజంగానే కిందికి చూశాను.

తాత కర్ర దించి, ఆ గడిని ఒకసారి తేరిపార చూశాడు. "ఇంక రాలే గద పెద్దయ్యా. దూరంల ఉన్నడు. జర కూసోండ్రి, వస్తుండు" అని, కథలో లేని పాట ఎత్తుకున్నాడు. ఋషి గుట్ట దిగాడు. వాగు దాటాడు (మా ఊరి వాగే). తుమ్మలు దాటాడు, జొన్నచేలు దాటాడు. అడుగడుగుకూ గొంతు పెంచుతూ పోయాడు. కులపెద్ద ఎప్పుడు కూర్చున్నాడో నేను చూడలేదు. చివరికి తాత చప్పున తరువాతి గడి విప్పాడు. ఎర్రటి ఎరుపు మీద, గడి నిండా, పెద్ద పెద్ద కళ్ళతో పాత ఋషి. "గదిగో, వచ్చిండు." కాయలన్నీ ఒక్కసారే పగిలాయి.

మర్నాడు పొద్దున క్షమాపణ చెప్పుకుందామని పోతే తాత అవకాశమే ఇవ్వలేదు. "గంత చిన్నగ రాస్తె గంత దూరం ఎట్ల కనవడ్డది? జర చెప్పు బిడ్డా" అన్నాడు. బండ మీద బొగ్గుతో గీసి చూపించాను. ఆయన రెండుసార్లు తనే గీసి చూసుకున్నాడు. అప్పుడు నేను ఎరుపు సంగతి అడిగాను.

"మీ అవ్వ ఏడ కూసున్నది? అందరి ఎనుక. సూపు ఆనదు. ఎర్ర మీద పసుపు మొగం పెద్దగ రాస్తె గామెకు అందుతది. రాసేటప్పుడు గామె ఏడ కూసుంటదో అనుకున్నవా నువ్వు?"

అనుకోలేదు. ఇటలీవాళ్ళెవరైనా అనుకున్నారో లేదో కూడా నాకు తెలియదు. రంగుల్లో కలిపే జిగురు నుంచి కళ్ళు ఆఖరున ఎందుకు రాస్తారన్నదాకా ఆ రోజంతా అడుగుతూనే ఉన్నాను. చీకటి పడేవేళకు నోటుపుస్తకం సగం నిండింది, అందులో నా అభిప్రాయం ఒక్కటీ లేదు.

రెండేళ్ళకు తాత మళ్ళీ వచ్చినప్పుడు ఆ గడిని మళ్ళీ రాయించి తెచ్చాడు. ఋషి గడి నిండా ఉన్నాడు. కానీ పై మూలన నా నీలం గుట్ట, దాని మీద గోరంత పులీ అట్లాగే ఉన్నాయి.

"రాసేటాయన తుడుస్తనన్నడు, నేనే వద్దన్న. గా పాట పాడకుంటె ఇప్పుడు ఏ ఊళ్ళె ఊకుంటలేరు" అన్నాడు తాత.

నా సంచిలో కుంచె ఉంది. ఆ మూలన చిన్నగా నా పేరు రాద్దామని తీశాను కూడా. పటమంతా వెతికితే ఎవరి పేరూ కనిపించలేదు. కుంచె మళ్ళీ సంచిలో పెట్టుకున్నాను. ఆ వయసులో నేను చేసిన తెలివైన పనులు లెక్కపెట్టమంటే మొదటి వేలు దానికే మడుస్తాను. రెండో వేలు దగ్గర మాత్రం ఇప్పటికీ కాసేపు ఆలోచించాల్సి వస్తుంది.