ఇద్దరి కోసం వెతికిన నేల

మాంచెస్టర్‌లో ట్రామ్ లైను పక్కన, మూడో అంతస్తు అద్దె ఫ్లాట్‌లో మేమిద్దరం పదిహేడేళ్ళు ఉన్నాం. ఇద్దరం ఒకే ఆసుపత్రిలో నర్సులం. నాది బాపట్ల దగ్గర పల్లెటూరు, తనది వరంగల్ వైపు. నాకంటే చిన్నది. నన్ను అక్కా అనేది, నేను చెల్లీ అనేదాన్ని. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. ఇంటికి డబ్బు పంపడంలో నా ఈడు దాటిపోయింది. తనకి కుదిరిన సంబంధం ఒకటి చెడిపోయాక మళ్ళీ ఆ మాట ఎవర్నీ ఎత్తనివ్వలేదు.

మా బాల్కనీలో రెండు కుర్చీలు పడితే మూడో దానికి చోటుండదు. అందులోనే డబ్బాల్లో కొత్తిమీర, మెంతికూర వేసేవాళ్ళం. ఒక వేసవిలో గోంగూర గింజలు తెప్పించి వేస్తే జానెడు ఎత్తు లేచి, ఎండ చాలక అలాగే నిలబడిపోయింది. ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక తను ఆ డబ్బా ముందు కూర్చుని అంది.

"అక్కా, రిటైరైనంక గూడ మనం గిట్లనే డబ్బాల ఉండాల్నా? జరంత భూమి కొనుక్కుందాం. ఎక్కడన్న పల్లెటూర్ల."

అదే మొదలు. ఆ తర్వాత మా ఇద్దరి డ్యూటీ రోటాలో సెలవు కలిసిన ప్రతిసారీ ఎక్కడో ఒక చోటికి బయల్దేరేవాళ్ళం. కారు తనదే, నడిపేదీ తనే. నాకు డ్రైవింగ్ రాదు. ఇక్కడి రౌండబౌట్లలో ఎప్పుడు ఎటు తిరగాలో నాకు అంతుపట్టేది కాదు. నేను పక్క సీట్లో పులిహోర డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఫోన్‌లో దారి చెప్పేదాన్ని.

ఈ దేశంలో పొలం కొన్నంత మాత్రాన అందులో ఇల్లు కట్టుకోనివ్వరని మాకు మెల్లిగా తెలిసింది. అందుకని చిన్న ఇల్లు, దానికి ఆనుకుని ఒకటి రెండు ఎకరాలు ఉన్నవే చూసేవాళ్ళం. కొన్ని పొలాల మధ్య నుంచి ఊరందరికీ నడిచే హక్కు ఉంటుందనీ తెలిసింది. ఒకచోట మేము వంటగది చూస్తుండగానే కిటికీ అవతల నుంచి కుక్కల్ని పట్టుకుని నలుగురు తాపీగా నడిచిపోయారు. ఇంకోచోట గోడ మీద మోకాలెత్తున పాత తడి మరక కనిపించింది. పక్కనున్న ఏరు ఎంత అందంగా ఉందో అంతసేపూ చెప్పిన అమ్మేవాళ్ళు ఆ మరక గురించి మాత్రం నోరు విప్పలేదు.

తనకి కొండ కావాలి, వాగు చప్పుడు కావాలి, చుట్టుపక్కల మనుషులు లేకపోతే మరీ మంచిది. వార్డులో రోజంతా మనుషులతోనే కదా అనేది. నాకు పార దిగే మన్ను ఉంటే చాలు. ఒక ఏడు జూన్‌లో వేల్స్ కొండల్లో ఒక రాతి ఇల్లు చూశాం. వెనక పచ్చిక వాలు, దాని చివర వాగు. చివరి మైలు దారికి తారు లేదు. తను బూట్లు విప్పి ఆ చల్లటి నీళ్ళలో నిలబడి, చీలమండలు ఎర్రబడేదాకా బయటికి రాలేదు.

"గిదే అక్కా," అంది. "ఇగ వేరేది చూడొద్దు."

ఇంటివాళ్ళకి తొందర లేదు, చలికాలం దాటాక ఇస్తామన్నారు. సెప్టెంబరులో ఇంకోసారి చూడటానికి వెళ్ళాం. అప్పుడు మాత్రం తను వాగు దాకా రాలేదు. ఇంటి ముందే నిలబడి తాళంచెవులు తిప్పుతూ ఉంది. తిరిగి వస్తుంటే పెట్రోలు బంకు దగ్గర ఆపి, రెండు టీలు తెచ్చి, నా చేతిలో ఒకటి పెట్టింది.

"అక్కా, నీకో మాట చెప్పాలె. ఎట్ల చెప్పాల్నో తెల్వక ఇన్ని దినాలు ఆగిన."

నర్సు బుర్ర కదా, నాకు ముందు రోగమే గుర్తొచ్చింది. గడ్డ ఏమన్నా తగిలిందేమో, స్కాన్ తీయించుకుని నాకు చెప్పలేదేమో అనుకున్నాను.

"నేను పెండ్లి చేస్కుంటున్న."

లండన్ పక్కన ఇల్ఫర్డ్‌లో ఉంటాడట. చర్చి బంధువుల ద్వారా వచ్చిన సంబంధం. భార్య పోయి కొన్నేళ్ళయింది, పిల్లలు పెద్దవాళ్ళు. ఉగాది అప్పటి నుంచీ ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. తన గదిలోంచి వినపడే ఆ చిన్న గొంతు, ఆ నవ్వు, ఊళ్ళో ఉన్న పినతల్లి కూతురితో అని నేను అనుకుంటూ ఉన్నాను.

"నవ్వకక్కా. ఈ ఈడుల పెండ్లేందని అందరు నవ్వుతరు."

"నవ్వటం లేదమ్మా," అన్నాను. ఇంకా ఏదో మంచి మాట అందామని నోరు తెరిస్తే, "మరి ఆ ఇల్లు?" అని వచ్చింది.

తను స్టీరింగ్ మీద తల ఆనించింది. "నువ్వు కొనుక్కో అక్కా. నేనొస్త ఉంట గద."

ఇల్ఫర్డ్ నుంచి ఆ కొండకి ఎంత దూరమో మా ఇద్దరికీ తెలుసు. టీ చల్లారిపోయింది. మాంచెస్టర్ వచ్చేదాకా రేడియో పెట్టుకుని కూర్చున్నాం.

పెళ్ళి ఇల్ఫర్డ్‌లోనే జరిగింది. తనకి చీర కుచ్చిళ్ళు సర్దిందీ, ముసుగుకి పిన్నులు పెట్టిందీ నేనే. తను అద్దంలో నన్ను చూస్తూ ఉంది, నేను పిన్నుల్ని చూస్తూ ఉన్నాను. భోజనాల దగ్గర నా బల్ల మీద కూర్చున్న ఒక అమ్మాయి మర్యాదగా అడిగింది. "మీరు పెళ్ళికూతురికి ఏమవుతారు ఆంటీ?"

అక్కనంటే అబద్ధం. స్నేహితురాలినంటే ఆ హాల్లో సగం మంది స్నేహితురాళ్ళే. "ఫ్లాట్‌మేట్‌ని," అన్నాను. "ఓ, నైస్," అని ఆ అమ్మాయి పెరుగు గిన్నె ఇటు జరిపింది.

తర్వాత అందరిదీ ఒకటే ప్రశ్న. ఒక్కదానివే పల్లెటూళ్ళో ఏం చేస్తావు? స్లౌలో మా మేనత్త కొడుకు ఉన్నాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "మా దగ్గరికి వచ్చెయ్ వదినా, పక్క వీధిలో ఫ్లాట్ చూస్తాను," అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. కానీ నేనప్పటికే ఒక సంగతి కనిపెట్టాను. ఆ ఫ్లాట్‌లో ఎక్కడ చూసినా తను లేని చోటే కనబడేది. రెండో కుర్చీ, ఖాళీ గది, ట్రామ్ వెళ్ళినప్పుడు గలగలమనే తన గాజుసీసాల అర. ఏ పొలంలోనూ తను ఎప్పుడూ ఉండలేదు కాబట్టి అక్కడ ఆ వెలితి ఉండదనుకున్నాను.

జనవరిలో ఒక్కదాన్నే వేల్స్ వెళ్ళాను. రైలు, దాని మీద బస్సు, ఆ మీద నడక. ఇల్లు చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. చుట్టూ కొండల మీద ఎండ పసుపు రంగులో మెరుస్తోంది. ఆ ఇల్లు, ఆ పచ్చిక వాలు మాత్రం నీలంగా, నీడలో ఉన్నాయి. గడ్డి మీద మంచు పొద్దుటిది పొద్దుటిలాగే ఉంది. పక్క పొలంలో గొర్రెలకి మేత వేస్తున్న ఒకావిడ నన్ను చూసి గేటు దాకా వచ్చింది.

"ఇక్కడికి ఎండ ఎప్పుడొస్తుంది?" అని అడిగాను.

"ఫిబ్రవరి చివర్లో," అంది. నేను అడిగింది ఏ పూట అని. ఆవిడ చెప్పింది నెల. "దక్షిణాన కొండ అడ్డం కదా. నవంబరులో పోతుంది." తర్వాత నా వెనక్కి చూసింది. "మీతో ఇంకొకావిడ వచ్చారే?"

"పెళ్ళయింది."

ఆవిడ చేతిలో మేత సంచి కింద పెట్టింది. "అయితే మీరొక్కరే ఉంటారా?"

నేను గేటు మీది మంచు వేలితో గీకాను. ఆవిడ, "నేనున్నాను, కానీ మా ఇల్లు కొండకి అవతల. మీ పొగగొట్టం నాకు కనపడదు," అంది. వద్దనీ అనలేదు, రమ్మనీ అనలేదు. తన బండిలో నన్ను బస్‌స్టాప్ దగ్గర దింపి, బస్సు వచ్చేదాకా తనూ ఆగింది.

బస్సులో కూర్చున్నాక అర్థమైంది. ఆ నిశ్శబ్దం మేమిద్దరం కలిసి ఉండటానికి కోరుకున్నది. లోపల ఒక మనిషి మాట్లాడుతుంటే బయట ఎంత నిశ్శబ్దమైనా బావుంటుంది. ఆ మనిషి లేనప్పుడు నాకు కావలసింది వేరు. బస్సు రావాలి. నడిచి వెళ్ళే దూరంలో ఒక సర్జరీ, అంటే డాక్టరు క్లినిక్కు, ఒక కొట్టు ఉండాలి. నా పొగగొట్టం ఎవరికో ఒకరికి కనపడాలి.

అలా చూసుకుంటూ పోతే తూర్పు తీరం వైపు లింకన్‌షైర్ తేలింది. దాన్ని మేమిద్దరం ముందే లిస్టులోంచి కొట్టేశాం. "అక్కడేముందక్కా, పలక లెక్క చదునుగ ఉంటది," అని తను నవ్వేది. నిజమే, పలకే. నల్ల రేగడి లాంటి మన్ను, గీత గీసినట్టు కాలవలు, మీద అంతా ఆకాశం. బస్సు కిటికీలోంచి చూస్తుంటే నాకు మా ఊరు జ్ఞాపకం వచ్చి సంతోషం కలగాలి. దానికి బదులు భయం వేసింది. ఇంత దూరం వచ్చి, ఇన్నేళ్ళు బతికి, చివరికి బయల్దేరిన చోటు లాంటి చోటికే చేరుతున్నానా అని.

ఇల్లు అమ్మేది ఎనభై దాటిన ఒకావిడ. చిన్న బంగళా, వెనక ఎకరం నేల. ఒకప్పుడు డాఫడిల్స్ పెంచి పూల మార్కెట్‌కి పంపేదట. ఇప్పుడు చెల్లెలి దగ్గరికి, సముద్రం పక్క ఊరికి వెళ్ళిపోతోంది. చూడటం అయిపోయాక, తిరుగు బస్సుకి ఇంకా టైముందని నన్ను వంటింట్లో కూర్చోబెట్టి కేకు ముక్క పెట్టింది.

"ఇక్కడ మీకు ఎవరైనా తెలుసా?"

"లేదండి."

"నేనొచ్చినప్పుడు నాకూ ఎవరూ తెలియదు. వచ్చింది ముప్పై మైళ్ళ నుంచే, అయినా పరాయిదాన్నే. మీకు అబద్ధం చెప్పను, చాలా ఏళ్ళు పడుతుంది." తర్వాత నా చేతులు చూసి, "మట్టి పని తెలుసా?" అంది.

"చిన్నప్పుడు తెలుసు."

"అది పోదులెండి," అంది.

బయటికి వచ్చి ఆ నేల మీద వంగి గుప్పెడు మన్ను తీశాను. మెత్తగా, తడిగా, వేళ్ళ మధ్య విడిపోయింది. చెల్లికి ఫొటో పంపాను. రెండు రోజుల తర్వాత జవాబు వచ్చింది, చేతులు జోడించిన బొమ్మ ఒకటి.

ఆ బంగళా కొనుక్కుని, ఆసుపత్రి పని మానేసి వచ్చాక మొదటి చలికాలం కష్టంగా గడిచింది. పొగమంచు పట్టిందంటే గేటు కూడా కనపడేది కాదు. వారంలో రెండు రోజులు ఆ ఊరి సర్జరీలో పని దొరికింది. రక్తం తీయడం, పుళ్ళకి కట్లు కట్టడం. ఆ రెండు రోజులూ జనంతో మాట్లాడేదాన్ని, అంతా ఇంగ్లీషులో, అంతా వాళ్ళ మోకాళ్ళ గురించి. మిగతా రోజులు నోరు తెరిచే పని లేదు. ఒకరోజు పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే "అయ్యో" అని గట్టిగా అన్నాను. ఆ మాట విన్నాక తెలిసింది, ఎన్నో రోజులుగా ఆ ఇంట్లో తెలుగు వినపడలేదని. ఆ తర్వాత నాలుగు కోళ్ళు తెచ్చుకుని వాటితో కావాలని తెలుగులోనే మాట్లాడటం మొదలుపెట్టాను. తిట్లు కూడా.

మొదట్లో తను రోజూ ఫోన్ చేసేది. తర్వాత ఆదివారాలు. వాళ్ళ మామగారు, పెద్దాయన, వచ్చి ఉంటున్నారు, వంట, పని, ఆయన మందులు. మాట మధ్యలో ఎవరో పిలిస్తే "ఒక్క నిమిషం అక్కా" అని వెళ్ళేది. ఆ నిమిషం నేను లైన్లోనే ఉండి వాళ్ళింటి చప్పుళ్ళు వినేదాన్ని. గిన్నెలు, టీవీ, నీళ్ళు. పెట్టెయ్యబుద్ధి అయ్యేది కాదు.

మే నెలలో తను, వాళ్ళాయన వచ్చారు. నెమ్మదస్థుడు. నాకు దణ్ణం పెట్టి, ఏదో ఆఫీసు ఫోన్ వస్తే కార్లోకి వెళ్ళాడు. తను నా వెనకే చేనంతా నడిచింది. ఇల్లు అమ్మినావిడ వదిలిపెట్టిన డాఫడిల్ పూల దుంపలు ఇంకా అక్కడక్కడా మొలుస్తూనే ఉన్నాయి. చిక్కుడు పందిరి, ఉల్లి మడి, ప్లాస్టిక్ గుడారంలో గోంగూర, అన్నీ చూపించాను. గోంగూర నడుమెత్తు లేచింది. తను ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుని, పుల్లగా మొహం పెట్టి, అలాగే ఏడవడం మొదలుపెట్టింది.

"ఏమైందే?"

"ఏం లేదక్కా. మంచిగుంది. గాయన మంచోడు, నాకేం తక్కువ లేదు. కని నేనుంటే ఈ మడి గిట్ల అడ్డం వెయ్యనిస్తుంటినా? పొడుగు పెట్టిస్తుంటి."

"ఇప్పుడు మాత్రం ఏమైంది. చెప్పు, మారుస్తాను."

"వద్దు," అంది, ముక్కు తుడుచుకుంటూ. "నీదే గద. నీ ఇష్టం."

ఆ మాట తను కోపంతో అనలేదు. అయినా ఆ నేల నా ఒక్కదానిదని నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే. రిజిస్ట్రేషన్ అయిన రోజున కూడా అలా అనిపించలేదు.

అన్నాలు తిన్నారు. గోంగూర కట్టలు, కోడిగుడ్లు సంచిలో పెట్టాను. ట్రాఫిక్ పెరగకముందే బయల్దేరాలని ఆయన రెండుసార్లు వాచీ చూసుకున్నాడు. తను కార్లో కూర్చుని అద్దం దించి నా చెయ్యి పట్టుకుంది.

కొండ ఉన్న చోటైతే మలుపు తిరగ్గానే కారు కనుమరుగయ్యేది. ఇక్కడ అడ్డమేమీ లేదు. కాలవ వెంట, ఆవపూల చేల మధ్య, కారు చిన్నదవుతూ, చిన్నదవుతూ చాలాసేపు కనపడుతూనే ఉంది. గేటు దగ్గర నిలబడి అది పూర్తిగా పోయేదాకా చూశాను. రోడ్డవతలి ఇంటాయన కంచె కత్తిరిస్తూ చెయ్యి ఊపాడు. నేనూ ఊపి, కోళ్ళ దగ్గరికి వెళ్ళాను.