చిన్నాన్న గిటారు ఆగే చోటు

మొన్న కోహ్కా కాలనీలో మా వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తుంటే, ఫోన్ తనంతట తానే ఏదో పాట అందుకుంది. గిటారు. ఒక స్వరం పలికి, ఏదో గుర్తు తెచ్చుకుంటున్నట్టు ఆగి, మరొకటి పలికింది. రెండో స్వరానికే పోల్చేశాను, చిన్నాన్న వినే అమెరికావాడు! చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

అమెరికావాడంటే మా బంధువేం కాదు. ఆ దేశపు జాజ్ గిటారిస్టు. విశాఖ ఓడరేవులో పనిచేసే స్నేహితుడు చిన్నాన్నకిచ్చిన క్యాసెట్లో మా ఇంటికొచ్చాడు. అప్పట్లో ఇదే ఊళ్లో ఉక్కు ఫ్యాక్టరీ ఇచ్చిన సెక్టర్ 7 క్వార్టర్లో వేసవి మధ్యాహ్నాలు, కూలర్ తడిగడ్డి వాసనా ఆ గిటారూ కలిసి నన్ను నిద్రకీ మెలకువకీ మధ్య ఎక్కడో పడుకోబెట్టేవి. జాజ్‌లో పేరు తెచ్చుకున్నవాడు అక్కడే కుదురుగా ఉండొచ్చు కదా! పశువుల కాపరుల పాటల్లోకి వెళ్లాడు, రాక్ వాళ్లతో కలిశాడు, పాత మూకీ సినిమాలకి సంగీతం కట్టాడు. ఎక్కడికెళ్లినా అదే నెమ్మది. తీగ మీటిన చప్పుడు వినపడేది కాదు, స్వరం మంచులోంచి నడిచొచ్చినట్టు వచ్చేది. "పాటని కులం అడగడే ఈడు," అని చిన్నాన్న మురిసిపోయేవాడు. వారమంతా రోలింగ్ మిల్లు మోతలో పనిచేసే మనిషికి అంతకంటే ఏం కావాలి!

చిక్కల్లా చిన్నాన్న ఈ హిందీ ఊళ్లోని మా తెలుగు చర్చిలో గిటారు వాయించేవాడు కావడం వల్ల వచ్చింది. కీర్తనలు కూడా అలాగే మొదలెట్టాడు. ప్రతి పాదం చివరా ఆగేవాడు. పాట మరిచిపోయాడనుకుని ఒక సంఘపెద్ద పుస్తకం తెరిచి సరిగ్గా ఆయన ముక్కు ముందు పట్టుకున్నాడు. కుర్రాళ్లేమో "చాచా, బీట్ కహాఁ హై?" అని, దరువేదంటూ నవ్వేవారు. చివరికి సంఘం కీబోర్డు కొంది. "ఒచ్చే నెల నుంచి నువ్వు కూకుని పాడుకో తమ్ముడూ," అన్నారు. మిల్లూ గిటారూ తప్ప మూడో లోకం లేని మనిషి, ఆ పూట అన్నం ముట్టలేదు.

ఆయన ఆఖరుగా వాయించాల్సిన ఆదివారం, రొట్టే ద్రాక్షరసమూ పంచే బల్లారాధన. మా నానమ్మ ఆయాసం వల్ల చర్చిలో పాడటం మానేసి చాలా కాలమైంది. అందరితో పాటు మొదలెట్టి సగంలో మిగిలిపోవడం ఆవిడకి నామోషీ. ఆరోజు, కొడుకుని పక్కన పెట్టేస్తున్నారని కడుపు మండిందో ఏమో, చిన్నాన్న ఆగిన చోట వెనక బెంచీలోంచి సన్నటి గొంతుతో మిగిలిన మాట పూర్తి చేసింది. చిన్నాన్న తలెత్తి చూశాడు. అక్కణ్ణుంచి ఆవిడ ఊపిరి తీసుకునేదాకా తర్వాతి స్వరం ముట్టుకోలేదు. సంఘమంతా, వేరే దారి లేక, నానమ్మ గొంతు వెనకే మెల్లగా పాడుతూ నడిచింది. నాకు కళ్లు నిండిపోయాయి.

ఆరాధన కాగానే నానమ్మ పెద్దల్ని గుమ్మం దగ్గరే పట్టుకుంది.

"ఆ కీబోర్డు పెట్టె నాకోసం ఆగుద్దేటి బాబూ? ఈడు ఆగతన్నాడు. అందికే నాను పాడతన్నాను."

కీబోర్డు వచ్చింది లెండి, కుర్రాళ్ల ముచ్చట తీరింది. బల్లారాధన పాట మాత్రం చిన్నాన్నకే వదిలేశారు. నానమ్మ చర్చికి రాగలిగినన్నాళ్లూ ఆ ఒక్క పాటా మొదటినుంచి చివరిదాకా పాడింది. ఒక మనిషి ఊపిరి తీసుకునేదాకా ఆగడం చిన్నాన్నకి పట్టుబడింది గానీ, గడిచే ఏళ్లకి పట్టుబడలేదు. అవి నానమ్మని దాటుకుని వెళ్లిపోయాయి.