అమావాస్య నాడు వినబడిన చప్పుడు

మొన్న మా అమ్మాయి కొత్త లాప్‌టాప్ కొనుక్కొచ్చి నా ముందు పెడితే, అలవాటు కొద్దీ వంగి దానికి చెవి ఆనించాను. ఏ చప్పుడూ లేదు. లోపల తిరిగేది ఏదీ లేదట, అంతా చిప్పులేనట. పిల్ల పకపకా నవ్వింది. మన కాలంలో హార్డ్ డిస్కు అంటే లోపల పళ్లెం గిర్రున తిరుగుతూ, దాని మీద సన్నటి ముల్లు అటూ ఇటూ పరుగెడుతూ, బతికున్నన్నాళ్లు ఏదో ఒకటి గొణుగుతూనే ఉండేది. ఆ గొణుగుడు విని దాని ఒంట్లో ఎలా ఉందో చెప్పేదాన్ని నేను. గొప్పలు పోతున్నాననుకుంటారేమో, అనుకోండి, చెప్పుకోదగ్గ గొప్పే అది.

ఆదోనిలో నేను కంప్యూటర్లు బాగుచేసే దుకాణం తెరిచిన కొత్తలో ఆడమనిషి స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చుంటే చూసిపోవడానికే కొందరు వచ్చేవారు. లోపలికి వచ్చినవాళ్లేమో సారు ఎప్పుడొస్తారని అడిగేవారు. నేనే సారునని చెప్పి కుర్చీ చూపించేదాన్ని. అందరికంటే ఎక్కువ ఆటపట్టించింది మాత్రం మా బావ. మా అక్క భర్త, ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. ఎప్పుడు కలిసినా, "ఏం మరదలా, ఈ పొద్దు ఎన్ని మరలు తిప్పినావు?" అన్నదే పలకరింపు. బావ అన్నాక మరదలిని ఏడిపించకపోతే వరసకే అవమానం కదా. నేనూ ఊరుకునే రకం కాదు, మాటకు మాట అంటించేదాన్ని.

బావ నేయడమే కాదు, చీర అంచులకు డిజైన్లు గీసేవాడు. గళ్ల కాగితం మీద ఒక్కో గడి ఒక్కో పోగన్నమాట. ఆ గళ్ల ప్రకారం అట్టలకు చిల్లులు కొట్టి మగ్గానికి ఎక్కిస్తే, చిల్లులను బట్టి పోగులు లేచి అంచులో తీగో పువ్వో పడేది. కాగితాలకు చెదలు పడుతున్నాయని వాపోతుంటే నేనే ఒక పాత కంప్యూటరు కుదిర్చి ఇచ్చి, గీయడం నేర్పాను. మొదట్లో మౌసును పారిపోయే ఎలుకను పట్టుకున్నట్టు పట్టుకునేవాడు. అలాంటివాడు కొన్నేళ్లలో పాతవన్నీ అందులోకి ఎక్కించి, కొత్తవి అందులోనే గీసి, కాగితాలు పొయ్యిలో పెట్టేశాడు. ఇంకోచోట కూడా దాచుకో బావా అని ఎంత పోరినా, "పెట్టెలో ఉండాది కదా, యాడికి పోతాది?" అనేవాడు. ఆ తర్వాత షుగరు వచ్చి చూపు మసకబారింది. మగ్గం మీద చెయ్యి అలవాటున నడిచేది గానీ, గళ్లు కంటికి ఆనేవి కావు. కొత్తవి గీయడం అటుంచి, ఉన్నవి పోతే మళ్లీ గీసే దారి లేదు.

ఇక ఆ చప్పుడు సంగతి. వాళ్లింట్లో మగ్గాలు, కంప్యూటరు అన్నీ ఒకే గదిలో. పొద్దున మొదలైతే దీపాలు పెట్టేదాకా టకటకలే కాబట్టి ఆ రొదలో డిస్కు ఎన్నాళ్లుగా మూలుగుతోందో ఎవరికీ వినబడలేదు. అమావాస్య వచ్చింది. ఆ రోజు నేతవాళ్లు మగ్గం ముట్టరు. ఇల్లంతా ఎప్పుడూ లేనంత నిశ్శబ్దంగా ఉంటుంది. బావ కంప్యూటరు ఆన్ చేయగానే వంటింట్లో ఉన్న అక్కకు అది వినబడి, బల్లి అనుకుంది! శకునం ఏమిటో తెలుసుకుందామని నాకు ఫోను చేసింది. "ఏమే, పెట్టెలో బల్లి దూరినట్టుండాది, ఒకటే పలుకుతాండాది. తూరుపు దిక్కున పలికితే మంచిదేనా?" నవ్వాపుకుని, ఫోను దాని దగ్గర పెట్టమన్నాను. టిక్కు, టిక్కు, కాసేపు ఆగి మళ్లీ టిక్కు. నా నవ్వు ఎగిరిపోయింది. ముల్లుకు తన చోటు దొరక్క వెనక్కి వచ్చి కొట్టుకుంటున్న చప్పుడది. తక్షణం ఆపేయండి, మళ్లీ ముట్టుకోవద్దు అని కేక పెట్టాను. అప్పటికే ఆ మహాతల్లి బల్లిని వెళ్లగొట్టడానికి పెట్టెను చీపురుకట్టతో బాదిందట!

దొరికిన బస్సు ఎక్కి ఎమ్మిగనూరు వెళ్లాను. బావ మగ్గం గుంటలో కాళ్లు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఎన్ని మరలు తిప్పినావన్న మాట ఎత్తలేదు. "పోయినట్టేనా మరదలా? నిజం సెప్పు. నా కండ్లు ఎట్లాగూ పోయినాయి. అందులో ఉండేవే నా కండ్లు," అన్నాడు. వేళాకోళం లేని బావను నేనెన్నడూ చూడలేదు. నిజంగా భయం వేసింది. తెస్తానని మాట ఇవ్వలేకపోయాను. నా చేతనైనంతా చేస్తాను అని మాత్రం అన్నాను.

డిస్కు ఊడదీసి, అక్క ఇచ్చిన కొత్త తువ్వాలులో చుట్టి, కుదుపు తగలకుండా గుండెకు హత్తుకుని తిరుగు బస్సు ఎక్కాను. ఉరుకుంద ఈరన్న స్వామి గుడికి పోయే జనంతో బస్సు కిటకిటలాడుతోంది. ఒక పెద్దావిడ నా వాలకం చూసి, "సంటిబిడ్డతో నిలబడినావేం తల్లీ, ఈడ కూసో," అని లేచి చోటిచ్చింది. కాదని చెప్పబుద్ధి కాలేదు. ఆదోని దాకా ఆ బిడ్డను ఒళ్లో పెట్టుకునే వచ్చాను.

కర్నూలులో ఈ పని తెలిసిన ఒకాయనకు ఫోను చేస్తే, మూత విప్పి ముల్లు సరిచేసి చూడమ్మా అన్నాడు. ఆదోని గాలిలో పత్తి నూగు ఎగరని రోజుందా? మూత తీస్తే ఆ నూగే దాన్ని చంపేస్తుంది. విప్పనంటే విప్పనన్నాను. ఇలాంటప్పుడు కావలసిన ఫైలు తెరిచి చూద్దామని తొందరపడితేనే కొంప మునుగుతుంది. ఫైళ్ల జోలికి పోకుండా, డిస్కులో ఉన్నది ఉన్నట్టుగా ఇంకో డిస్కులోకి దింపుకోవాలి. అది మొండికేసిన చోటు వదిలేసి ముందుకు సాగాలి. మంచిదంతా చేతికి వచ్చాకనే మొండి చోట్లకు తిరిగి రావాలి. మనవైపు చేలల్లో విచ్చిన పత్తిని ముందు ఏరుకుని, విచ్చని కాయల కోసం మళ్లీ విడతకు వెళ్లినట్టేనన్నమాట. వేడెక్కితే ఆపుతూ, చల్లారాక మళ్లీ పెడుతూ, కరెంటు ఎప్పుడు పోతుందోనని పక్క దుకాణం బ్యాటరీ కూడా అరువు తెచ్చి కాపలా కాశాను. కొన్ని చోట్లకైతే ఎన్ని విడతలు వెళ్లానో! చివరికి అది పూర్తిగా మూగబోయింది గానీ, అప్పటికి బావ డిజైన్లు నా చేతికి వచ్చేశాయి. ఒక్కటి తప్ప. అందులో తీగ వరకే వచ్చింది. దాని కింద పువ్వుల వరస ఉండాల్సిన చోట బూడిదరంగు మిగిలింది.

కొత్త డిస్కు బిగించి పెట్టాక, బావ ముఖం తెరకు ఆనించి, అక్క పేర్లు చదువుతుంటే ఒక్కొక్కటే చూసుకున్నాడు. ఆ సగం డిజైను రాగానే నేను సంజాయిషీ మొదలుపెట్టబోయాను. బావ చెయ్యెత్తి ఆపి, కాసేపు చూసి, "పువ్వులన్నీ కోసుకుని తలలో పెట్టుకుని పోయినట్టుండావే మరదలా!" అన్నాడు. అక్క నవ్వింది. నేను మాత్రం ఏడ్చేశాను. బావ నోట వేళాకోళం తిరిగి వచ్చినందుకు ఏడ్చాను. పూలు మళ్లీ వేయించుకోమంటే వినలేదు. తీగ ఒక్కటే ఉంచి, కింద ఖాళీ వదిలి నేశాడు. చూడ్డానికి ఎంత నిండుగా ఉందో! ఊళ్లో దానికి మరదలంచు అని పేరు పడింది.

ఇప్పుడు ఏది గీసినా దానంతటదే ఎక్కడెక్కడో పదిలంగా దాగి ఉంటుందట; మంచిదే, ఆనాటి బావలా ఎవరూ కూలబడనక్కర లేదు. కానీ అక్క వీధిలో అమావాస్యకూ మామూలు రోజుకూ ఇప్పుడు పెద్ద తేడా లేదు. మగ్గాలే లేవు మరి.

ఈమధ్య ఆదోని బజారులో ఒక చీర విప్పి చూపించారు. మరమగ్గం నేతే గానీ, అంచు మాత్రం అదే, తీగ ఒక్కటే, కింద ఖాళీ. ఏమీ ఎరగనట్టు, పూలు లేవేమమ్మా అని అడిగాను. "ఇది పాతకాలంది మేడమ్, ఎమ్మిగనూరోళ్లది, మరదలంచు అంటారు," అంది ఆ అమ్మాయి. ఎవరా మరదలు అంటే, "యాడో రాజుగారి మరదలై ఉంటాదిలే!" అని మడత పెట్టబోయింది. లోపల పెట్టొద్దమ్మా, నాకు ప్యాకెట్ కట్టించు అన్నాను. ఆ రాజుగారి మరదలిని నేనేనని ఆ పిల్లకు చెప్పలేదు. చెప్పాలనిపించినవాడు ఒక్కడే, వింటే ఇల్లెగిరిపోయేలా నవ్వేవాడు; ఆ బావ పోయి చాలా ఏళ్లయింది.