మోజెల్ టీగ్ పెకాన్ చెట్టు

ఓలీటా స్ట్రిబ్లింగ్ తన డెబ్బై ఎనిమిదేళ్ళ జీవితంలో చేసిన దొంగతనం ఒక్కటే. పెన్సిలంత లావున్న తొమ్మిది పెకాన్ పుల్లలు.

ఆ సంగతి నాకు ఆవిడే చెప్పింది. ల్యాంబర్ట్ క్రాసింగ్ బడి వంటశాలలో మేమిద్దరం పదిహేడేళ్ళు పక్కపక్కన నిలబడి పనిచేశాం. మధ్యాహ్నం మిగిలిపోయిన రొట్టెలు పారేసేముందు నేను రెండు సంచిలో వేసుకుంటే, "బడిది బడిదే, ట్వైలా" అని తీసి మళ్ళీ పళ్ళెంలో పెట్టేది. అలాంటి మనిషి దొంగతనం చేసిందంటే నేను మొదట నమ్మలేదు.

ఆవిడ ఇంటి పక్కిల్లు ఆర్వెల్ టీగ్‌ది. టీగ్ భార్య మోజెల్ పెళ్ళయిన ఏడాది నది ఒడ్డున అక్రోటు జాతి పెకాన్ కాయ ఒకటి ఏరుకొచ్చి ఇంటి వెనక పాతింది. పెకాన్ గింజ తల్లిని పోలి మొలవదు. నూరు గింజలు పాతితే తొంభై తొమ్మిది గులకరాళ్ళలాంటి కాయలే కాస్తాయి. మోజెల్ పాతింది ఆ నూరో గింజ. కాయ బొటనవేలంత ఉండేది. రెండు కాయలు గుప్పిట్లో పెట్టి నొక్కితే చాలు, పల్చటి పెంకు విడిపోయి పప్పు రెండు బద్దలూ చిట్లకుండా బయటపడేవి. మోజెల్ పోయాక టీగ్ ప్రతి క్రిస్మస్‌కీ కాఫీ డబ్బా నిండా కాయలు తెచ్చి ఓలీటాకి ఇచ్చేవాడు. కాయలు ఊరందరికీ పంచేవాడు. అంటు కట్టుకోవడానికి పుల్ల మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

ఓలీటా మూడుసార్లు అడిగింది.

"కాయలెన్ని కావాలన్నా పట్టుకుపో ఓలీటా. పుల్ల మాత్రం అడక్కు."

"ఒక్క పుల్లేగా మిస్టర్ టీగ్?"

"ఒక్క పుల్లంటే ఒక చెట్టు. మోజెల్ చెట్టు ఈ ఊళ్ళో ఒక్కటే ఉంది, ఒక్కటే ఉంటుంది."

ఓలీటాకి కూడా షెడ్డు వెనక ఒక చెట్టు ఉండేది. భర్త పోయిన ఏడాది గింజ పాతి పెంచింది. వేసవంతా గొట్టంతో నీళ్ళు పెట్టి, ఆకులకి జింకు మందు కొట్టి, ఎనిమిదేళ్ళు సాకితే అది బఠాణీ కంటే కాస్త పెద్ద కాయలు కాసింది. "వీటికి సుత్తి చాలదు, తీసుకెళ్ళి రైలుపట్టాల మీద పెట్టు" అని నేనే ఎగతాళి చేశాను. ఆవిడ నవ్వలేదు. నేనలా అనకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనుకుంటాను.

పందొమ్మిది వందల అరవై ఎనిమిది ఫిబ్రవరిలో టీగ్ మెట్ల మీద జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఓలీటాని పిలిచి పెరటి తాళంచెవి చేతిలో పెట్టాడు. "కోళ్ళకి మేత వెయ్యి. గుడ్లు నువ్వే తీసుకో."

నాలుగు రోజులు మేత వేసింది. ఐదో రోజు పొద్దున్న మేత డబ్బాతో పాటు కత్తెర కూడా పట్టుకెళ్ళింది. చెట్టు ఇంకా నిద్రలోనే ఉంది, మొగ్గ విప్పలేదు. నిచ్చెన కూడా టీగ్‌దే. తొమ్మిది పుల్లలు కోసి, తడి కాగితంలో చుట్టి, ఫ్రిజ్‌లో కూరల అర అడుగున దాచింది. ఏప్రిల్ చివర బెరడు వదులైనప్పుడు, కౌంటీ వ్యవసాయ ఆఫీసువాళ్ళు ఇచ్చిన అంటు పద్ధతి కాగితం ముందు పెట్టుకుని షెడ్డు వెనక చెట్టు తల కోసేసి అంటు కట్టింది. వెండిరేకు చుట్టి, పైన ప్లాస్టిక్ సంచి కట్టింది. పిట్టలు వాలి లేత చిగురు విరవకుండా పైకి ఒక కర్ర నిలబెట్టి మేకులు కొట్టింది. రెండు పుల్లలు పట్టుకున్నాయి. అంత ఆనందం తన పెళ్ళినాడు కూడా లేదని నాతో అంది.

టీగ్ చేతికర్రతో తిరిగొచ్చాడు. కోళ్ళు బాగా బలిశాయని మెచ్చుకున్నాడు.

అంతకుముందు ఆదివారాలు ఆయన ఓలీటా ఇంటి వెనక వరండాలో కూర్చుని కాఫీ తాగేవాడు. ఆ వేసవి నుంచి ఆవిడ కుర్చీలు ముందు వరండాకి మార్చేసింది. "వెనక దోమలెక్కువయ్యాయి" అంది. డెబ్భై రెండులో మొదటి కాపు వచ్చింది. తలుపులు వేసుకుని, ఆ పప్పుతో 'పై' అనే తీపి వంటకం చేసుకుని ఒక్కతే తింది. పెంకులు పొయ్యిలో కాల్చేసింది. ఆ క్రిస్మస్‌కి టీగ్ కాఫీ డబ్బా తెచ్చినప్పుడు ఆయన కళ్ళలోకి చూడలేకపోయింది.

డెబ్భై మూడు మే నెలలో పెద్ద గాలివాన వచ్చింది. పావుగంట కూడా లేదు. మోజెల్ చెట్టు పంగ దగ్గర చీలి, ఒక సగం కోళ్ళగూటి మీద, ఒక సగం వీధిలోకి పడింది. మొదలు కూడా నేలదాకా చీలిపోయింది. తెల్లారాక టీగ్ ఆ కొమ్మల మధ్య నిలబడి ఏడ్చాడు. ఓలీటా కంచె దగ్గరికి వెళ్ళింది.

"పుల్లలు కోసి అంటు కట్టుకోండి మిస్టర్ టీగ్."

"ఆకు తొడిగాక కోసిన పుల్ల పట్టుకోదు. నీకు తెలుసుగా." ముఖం తుడుచుకున్నాడు. "అడిగినవాళ్ళందర్నీ తిప్పి పంపేశాను. ఒక్కడికి ఇచ్చున్నా ఇవాళ వాడి కాళ్ళు పట్టుకుని తెచ్చుకునేవాణ్ణి. ఊళ్ళో ఎక్కడా లేదు ఓలీటా. ఎక్కడా లేదు."

షెడ్డు వెనక చెట్టు అక్కడికి ముప్పై అడుగులు. గాలివానకి దానికి ఆకు కూడా రాలలేదు. అప్పుడైనా ఎందుకు చెప్పలేదని తరువాత నేను ఓలీటాని అడిగాను. "నేను దొంగనని ఆయనకి తెలియకూడదనుకున్నాను ట్వైలా. అంతకంటే ఇంకేం లేదు." ఇంట్లోకి వెళ్ళి మొక్కజొన్న రొట్టె కాల్చి, వేడివేడిగా తీసుకెళ్ళి ఆయన చేతికిచ్చింది. ఆయన థాంక్స్ చెప్పి తిన్నాడు.

ఆ తరువాత రోజురోజుకీ చెప్పడం ఇంకా కష్టమైపోయింది. ఒక రోజు మౌనానికి ఒక క్షమాపణ సరిపోతుంది. ఏడాది మౌనానికి మాటలేం ఉంటాయి? చర్చిలో ఆయన వెనక బల్ల మీద కూర్చునేది కాదు. బడిలో గిన్నెలు చేతిలోంచి జారిపోయేవి. నేను ఒంట్లో బాగోలేదేమో అనుకుని డాక్టరు దగ్గరికి పొమ్మన్నాను.

డెబ్భై ఐదు నవంబరులో టీగ్ కంచె దగ్గరికి వచ్చి గట్టిగా కేకేశాడు. ఆయన అరచేతిలో ఒక పెకాన్ కాయ ఉంది.

"చూశావా! గులాబీల పాదులో దొరికింది. ఇది మోజెల్ కాయే. మూడేళ్ళ కింద ఏ కాకో పాతిపెట్టి మరిచిపోయుంటుంది!"

ఆ కాకి ఆ కాయను ఏ చెట్టు మీంచి తెచ్చిందో ఓలీటాకి తెలుసు.

టీగ్ ఆ కాయని ఒక పాత పందికొవ్వు డబ్బాలో మట్టిపోసి పాతాడు. ఎలకలు తినకుండా పైన జల్లెడ బోర్లించాడు. చలికాలమంతా డబ్బాని వంటింటి కిటికీలో పెట్టి కాపలా కాశాడు. ఏప్రిల్లో మొలక వచ్చింది. ఓలీటాని పిలిచి చూపించాడు.

"గింజ తల్లిని పోలదని నాకు తెలీక కాదు. మోజెల్‌కి ఒకసారి అదృష్టం పట్టింది. నాకూ పట్టొచ్చు."

"కాపుకి పదేళ్ళు పడుతుంది కదా మిస్టర్ టీగ్."

"నాకిప్పుడు డెబ్బై తొమ్మిది. ఎనభై తొమ్మిదికి తింటాను. నాకేం తొందర?" అని నవ్వాడు. చేతులు వణుకుతున్నాయి. చెంచాతో నీళ్ళు పోస్తుంటే సగం డబ్బా బయట పడుతున్నాయి.

ఓలీటా ఇంటికెళ్ళింది. ఫ్రీజరులో దాచిన కాయల సంచి తీసుకుని అదే నడకన తిరిగొచ్చి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. ఆయన రెండు కాయలు తీసి గుప్పిట్లో నొక్కాడు. నొక్కలేకపోతే ఆవిడే నొక్కి ఇచ్చింది. పప్పు వెలుతురుకి పట్టి చూశాడు. నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు.

"ఎక్కడివివి?"

"మా షెడ్డు వెనకవి."

"ఎప్పట్నించి?"

"అరవై ఎనిమిది ఫిబ్రవరి. మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు."

"కోళ్ళకి మేత వెయ్యమని తాళంచెవి ఇచ్చాను."

"అవును."

ఆయన సంచి మూతి మడిచి ఆవిడ వైపు తోశాడు.

"పుల్లలు కోసుకున్నందుకు ఒక వారం తిట్టి ఊరుకునేవాణ్ణి. కానీ ఆ రోజు కంచె దగ్గర నేను పసిపిల్లాడిలా ఏడుస్తుంటే నువ్వు రొట్టె తెచ్చిచ్చావు ఓలీటా. ఆ రొట్టె నేను తిన్నాను." లేచి తలుపు తెరిచి పట్టుకున్నాడు. "ఇంక వెళ్ళు."

తొమ్మిది నెలలు మాట్లాడలేదు. ఎదురుపడితే పలకరింపుగా టోపీ కూడా ఎత్తలేదు. ఊళ్ళో ఎవరికీ ఏమీ చెప్పలేదు కూడా. ఆయన నలుగురిలో తిట్టి ఉంటే తనకి తేలికయ్యేదని ఓలీటా అనేది.

ఫిబ్రవరిలో ఆవిడ పుల్లలు కోసి, తడి కాగితంలో చుట్టి, ఆయన గడప ముందు పెట్టి వచ్చేసింది. మర్నాడు ఆ కట్ట పట్టుకుని ఆయనే వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"నా చేతులు చూడు. కత్తి పట్టుకుంటే పుల్లకి బదులు వేలు తెగుతుంది. నీ ఫ్రిజ్‌లో పెట్టు. ఏప్రిల్లో వచ్చి కట్టు."

ఏప్రిల్లో కట్టింది. డబ్బాలో మొలక అంటు కట్టడానికి ఇంకా సన్నం. టీగ్ కంచె వారన దానంతటదే మొలిచిన చేతి మణికట్టంత లావు అడవి పెకాన్ ఒకటి ఉంది. ఆయన పక్కనే కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు.

"అంత లోతుగానా? అది బంగాళాదుంపనుకున్నావా?"

"మీరు మాట్లాడకుండా ఉంటే చెయ్యి జారదు."

"దొంగతనంగా కట్టినప్పుడు ఎవరు మాట్లాడారు?"

ఓలీటా కత్తి కింద పెట్టేసింది. కళ్ళు నిండిపోయి కోత కనిపించలేదు. ఆయన అటు చూడలేదు. "బెరడు ఎండిపోతుంది, కానివ్వు" అన్నాడు.

అంటు పట్టుకుంది. రెండో వేసవికి కంచె దాటి ఎదిగింది. టీగ్ పొద్దున్నే కుర్చీ అక్కడికి ఈడ్చుకెళ్ళి కూర్చునేవాడు. ఆదివారాలు మళ్ళీ కాఫీకి వచ్చాడు. ఎక్కువ మాట్లాడేవాడు కాదు. ఎనభై సెప్టెంబరులో నిద్రలోనే పోయాడు. చెట్టు ఇంకా కాపుకి రాలేదు. ఎనభై ఒకటి శరదృతువులో మొదటిసారి పద్నాలుగు కాయలు కాసింది.

ఈ సంగతులన్నీ ఆవిడ నాకు చెప్పింది ఆ శీతాకాలమే, బడి వంటశాల వెనక మెట్ల మీద కూర్చుని. టీగ్ ఇల్లు కొనుక్కున్న కొత్త దంపతులు కొన్ని కాయలు తెచ్చిచ్చారట. తినలేకపోయింది.

"డెబ్భై మూడులోనే చెప్పుంటే డెబ్భై నాలుగులో కట్టేవాళ్ళం. డెబ్భై ఎనిమిదికి కాసేది. తన చెట్టువి రెండు కాపులు తినేవాడాయన. నేను దొంగిలించింది పుల్లలు కాదు ట్వైలా."

"ఆయన క్షమించాడుగా. మళ్ళీ కాఫీకి వచ్చాడు."

"వచ్చాడు. క్షమించాననీ అనలేదు, లేదనీ అనలేదు. నేను అడగలేదు. అడిగితే పాపం ఔననేవాడు, ఆయన మంచితనం కొద్దీ. అది కూడా ఆయన దగ్గర తీసుకోవడం నాకిష్టం లేకపోయింది."

అప్పటినుంచి ప్రతి ఫిబ్రవరీ ఎవరడిగినా, అడగకపోయినా, పుల్లలు కోసి పంచేది. ప్రతి కట్టకీ 'మోజెల్ టీగ్' అని రాసిన చీటీ దారంతో కట్టేది. మీ మనసు ఎంత మంచిదండీ అని ఎవరైనా అంటే ఆవిడ ముఖం ఎర్రబడిపోయేది. ఇప్పుడు మా ఊళ్ళో అరవై పైచిలుకు పెరళ్ళలో ఆ చెట్టుంది. మా పెరట్లోనూ ఉంది. తొంభై నాలుగులో ఓలీటా పోవడానికి వారం ముందు, మా చెట్టు కాయలతో పై చేసి ఆసుపత్రికి పట్టుకెళ్ళాను. నర్సులకి పెట్టమంది.