గోళల దగ్గర తప్పానని చెప్పిన సారు

మంగళవారం పొద్దున మార్కెట్ యార్డులో పసుపు కుప్పల మధ్య ఉండగా ఫోన్ వచ్చింది. "సారు పోయిండన్నా" అన్నాడు సారు పక్కింటాయన. పాలిటెక్నిక్‌లో మాకు ఇన్‌స్ట్రుమెంటేషన్ చెప్పి, రిటైరయ్యాక ఆర్మూరులోనే ఉండిపోయిన మా సారు.

మా ల్యాబ్‌లో మీటర్లుండేవి కావు. అడిగితే వచ్చేవీ కావు. సారు ఏడుస్తూ కూర్చోలేదు. ఒక పాత కంప్యూటర్, తీగెల నుంచి సంకేతాలు అందుకునే ఒక కార్డు సంపాదించి, తెర మీదే మీటర్లు తయారు చేశారు. పొద్దున అదే వోల్ట్‌మీటర్, మధ్యాహ్నం అదే థర్మామీటర్. వర్చువల్ ఇన్‌స్ట్రుమెంట్ అంటే అంతే: ముల్లు బొమ్మ, కొలత నిజం. "ముల్లు మనం గీసిందేరా. గా ముల్లు అబద్ధమాడితే మనం ఆడినట్టే" అనేవారు. టీ తెస్తే అందులోనూ సెన్సర్ ముంచేవారు. "జర ఆగు, అరవై డిగ్రీలకు దిగనీ." ఆయన హాయిగా తాగేవారు, మేం ఊదుకుంటూ తాగేవాళ్లం.

ఇక నా గొడవకు వస్తాను. మన యార్డుల్లో అమ్మేవాడికి గొంతే ఉంది, కొలత కొనేవాడి చేతిలో ఉంది. కొనేవాడి మనిషి పసుపు కొమ్ము విరిచి, కొరికి "పచ్చి" అంటే పచ్చే, ఎండలేదని ధర కోసేయడమే. ఇది న్యాయమా అని ఎన్ని రైతు సభల్లో అరిచానో! సారు అరవలేదు. రెండు సూదులు, ఒక ల్యాప్‌టాప్ పట్టుకొచ్చి యార్డులో బల్ల వేశారు. సూదులు కొమ్ములో గుచ్చితే లోపలి తేమను బట్టి కరెంటు పారుతుంది, తెర మీద ముల్లు కదులుతుంది. బల్ల దగ్గర నేనే మాట్లాడేవాణ్ణి, ఆయన కొలిచేవారు.

ఒకరోజు భీమ్‌గల్ నుంచి ఒకామె గోళలు తెచ్చింది. గోళ అంటే కొమ్ము కాదు, గుండ్రంగా లావుగా ఉండే తల్లి దుంప. కొనేవాడి మనిషి పచ్చి అన్నాడు. మా తెర ఎండినట్టు చూపింది. నేను యార్డు దద్దరిల్లేలా అరిచాను. అతను వెనక్కి తగ్గాడు, సరుకు అమ్ముడైంది. ఆ సాయంత్రం నా అంత పొగరుబోతు జిల్లాలో లేడు.

మూడో రోజు సారు ఇంటికి పిలిచారు. ఆ రోజు ఆ కుప్పలోంచి తెచ్చుకున్న గోళను నడిమికి చీల్చి పెట్టారు. పైన గట్టిగా ఎండింది, లోపల తడి. మా సూదులు కొమ్ముల కోసం చేసినవి, గోళ నడిమిదాకా పోలేదు.

"వాడే కరెక్టురా" అన్నారు.

"ఎవరికీ చెప్పకండి సార్. బల్ల ఎత్తేయిస్తారు. ఇన్నేళ్లు వాళ్లు తప్పు చెప్తే ఎవరడిగారు?"

"అడిగెటందుకే గద మనం బల్ల వెట్టింది. మరి మనం తప్పు చెప్తే అడిగెటోడు ఎవడు?"

మర్నాడు అందరి ముందు చెప్పేశారు. కొనేవాడి మనిషి నవ్వాడు: "ఏం సారూ, కంప్యూటరుకు సుత జెరమొచ్చిందా?" నాకు తల కొట్టేసినట్టయింది. వారం పాటు ఒక్క రైతూ బల్ల దగ్గరికి రాలేదు. సారుతో నేను మాట్లాడలేదు. నేనన్నదే నిజమైందని లోపల్లోపల అనుకున్నాను కూడా.

ఎనిమిదో రోజు భీమ్‌గల్ ఆమే సంచి మోసుకొచ్చింది. "తప్పయిందని చెప్పినోడు గీ యార్డుల నువ్వొక్కనివే సారూ. గీ గోళలు నీ దగ్గర్నే పెట్టుకో, మంచిగ నేర్పు నీ మిషనుకు."

సారు ఒక్కో గోళనూ చీల్చి, సూదులు గుచ్చి ముల్లు చూసి, తూచి, పొయ్యి మీద పూర్తిగా ఎండబెట్టి, మళ్లీ తూచి, పోయిన నీటిని లెక్కగట్టారు. ఆ లెక్కతో తెర మీద గోళలకు వేరే మీటర్ గీశారు. గోళను చీల్చి గుచ్చాలని నియమం పెట్టారు. బల్ల నిలబడింది. తప్పు ఒప్పుకుంటే ఉద్యమం చెడుతుందనే నాలాంటి మేధావులారా, నిలబెట్టింది నా గొంతు కాదు.

అంత్యక్రియలయ్యాక గురువారం బల్ల నేనే వేశాను. మొదట వచ్చింది ఆ కొనేవాడి మనిషే. చుట్టూ చూసి, తువ్వాల మూట విప్పాడు.

"నా చేన్ల పండిన గోళలన్నా. మా సేటు పచ్చి అంటున్నడు. జర నువ్వు చూడు."

పక్కన రైతులు కిసుక్కున నవ్వారు. నా నోటి దాకా ఎన్ని మాటలు వచ్చాయో! ఒక గోళ తీసుకుని నడిమికి చీల్చి, సూదులు అందుకున్నాను. లోపలి ముదురు రంగు మీదికి మా ఇద్దరి తలలూ ఒక్కసారే వంగాయి.