సినిమా చూడనివాడు రాసిన నవల

సినిమా చూసి రాసిన నవల నేను చదవను. చూడకుండా రాసిందే చదువుతాను. ఈ మాట అన్నప్పుడల్లా మా కాలేజీ స్టాఫ్ రూమ్‌లో నవ్వుతారు. "చూడకుండ ఎట్ల రాస్తరు మేడమ్?" అంటారు. నవ్వనీ. ఫిజిక్స్ చెప్పుకుని బతికేదాన్ని, నవ్వే క్లాసు నాకు కొత్త కాదు.

వెండితెర నవలలు మనకూ ఉండేవి. వారపత్రికల్లో హీరో ఫోటో పక్కన డైలాగులు అచ్చేసి కథ అనిపించేవాళ్లు. నేను చెప్పేది వాటి గురించి కాదు. ఇంగ్లీషులో సైన్స్ ఫిక్షన్ సినిమా వస్తే దాని వెనకే వచ్చే నవలల గురించి. దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో స్తంభాల నీడన, పాత పుస్తకాల బండి మీద, ఎంసెట్ గైడ్ల కింద, గ్రూప్స్ మెటీరియల్ వెనక నలిగిపోయి దొరుకుతాయి అవి. నేను పాతికేళ్లుగా ఏరుతున్నాను. ఏది కొనాలో, ఏది బండి మీదే వదిలెయ్యాలో నాకు చెయ్యి తిరిగింది.

మధ్యలో రంగు ఫోటోలు కుట్టి ఉంటే అనుమానించాలి. బొమ్మ ఉంది కదా అని రాసినవాడు బద్ధకిస్తాడు. మొదటి పేజీలో తలుపు తెరుచుకుంది, అతను లోపలికి వచ్చాడు, తుపాకీ తీశాడు అని వరసపెట్టి ఉంటే అక్కడే పడెయ్యాలి. అది నవల కాదు, పంచనామా. అన్నిటికన్నా గట్టి పరీక్ష ఇంకొకటుంది. సినిమాలో మాటల్లేని చోటు ఒకటి గుర్తు చేసుకుని, పుస్తకంలో సరిగ్గా ఆ చోటు తీసి చదవాలి. కెమెరా ఊరుకున్న చోట రాసినవాడు ఏం చేశాడో చూస్తే మనిషి తెలిసిపోతాడు.

బండి అతనికి ఇదంతా చాదస్తం.

"మేడమ్, గిది తీస్కోండ్రి. మీద బొమ్మ సూడుండ్రి, జబర్దస్త్ ఉంది."

"బొమ్మలు చూడ్డానికి నీ దాకా ఎందుకయ్యా, ఊళ్లో గోడలు లేవా?"

"పొద్దుగాల బోణీ టైముల మీతోటి నాకెందుకు మేడమ్. మీరే ఏరుకోండ్రి" అని మొహం అటు తిప్పుకుంటాడు. మళ్లీ కొత్త కట్ట వస్తే నాకోసం పక్కన పెడతాడు, అది వేరే సంగతి.

తెర మీద అంతరిక్షంలో ఓడ పేలితే థియేటర్ అదిరిపోతుంది. శూన్యంలో శబ్దం ప్రయాణించదని ఏటా చెప్పి చెప్పి నా గొంతు పోయింది, ఒక్క సినిమావాడు వింటేనా! ఒక నవలలో మాత్రం ఓడ చప్పుడు లేకుండా పేలింది. వెలుగు విచ్చుకుంది, ముక్కలు నిదానంగా విడిపోయాయి, చూస్తున్న మనిషికి తన ఊపిరి తప్ప ఇంకేమీ వినపడలేదు. అది నేను మెట్రోలో చదివాను. చుట్టూ అందరూ ఫోన్లలో అరుస్తున్నారు. నా చుట్టూ మటుకు శబ్దం తెగిపోయింది. నేను దిగే ఎల్బీనగరే ఆఖరి స్టేషన్ కాబట్టి సరిపోయింది కానీ, లేకపోతే ఎక్కడికి పోయేదాన్నో. అందరూ దిగిపోయాక డ్యూటీలో ఉన్న అమ్మాయి వచ్చి "ఆంటీ, లాస్ట్ స్టాప్" అని భుజం తట్టింది.

ఆ పుస్తకం చివర రాసినాయన తన సంగతి కొంచెం చెప్పుకున్నాడు. సినిమా ఇంకా తీస్తుండగానే అతని చేతిలో స్క్రిప్టు కాగితాలు పెట్టి నవల రాయమన్నారట. ఓడ ఏ ఆకారంలో ఉంటుందో, చివరికి ఏ సీను ఉంచుతారో, ఏది కోసేస్తారో అతనికి తెలియదు. విడుదల నాటికి పుస్తకం షాపుల్లో ఉండాలి. అందుకని చూడకుండానే రాసేశాడు. వాకబు చేస్తే ఈ జాతి నవలలు చాలావరకు అట్లాగే పుడతాయని తెలిసింది.

అది చదవగానే నాకు మా అమ్మ మీద పడ్డ నింద గుర్తొచ్చింది.

మేము నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి దిల్‌సుఖ్‌నగర్‌లో కిరాయికి దిగినప్పుడు, ఒకే వాకిలి చుట్టూ వరసగా గదులు, అందరికీ కలిపి ఒకే నల్లా. అందరూ సినిమాకు పోవడం కుదిరేది కాదు. ఒకరు పోయొచ్చి మిగిలినవాళ్లకు కథ చెప్పాలి. ఆ పని మా అమ్మది. మధ్యాహ్నం వంటలయ్యాక ఆడవాళ్లంతా వాకిట్లో చేరేవాళ్లు. అమ్మ మొదలుపెట్టే ముందు ప్రతి ఒక్కరి చేతిలో ఏదో ఒక పని పెట్టేది. ఒకరికి చింతపండు గింజలు, ఒకరికి బియ్యంలో రాళ్లు, ఒకరికి చిక్కుడుకాయలు. "ఉత్తచేతులతోటి ఇంటే కత నిలువది" అనేది. పని అందరి ముందుకూ జరిపాక కొంగు సర్దుకుందంటే ఇక కథ మొదలైనట్టే. వర్షం ఆమే, గుర్రం ఆమే, విలన్ నవ్వూ ఆమే.

అప్పుడొక డబ్బింగ్ సినిమా వచ్చింది. అమ్మ నన్ను వెంటబెట్టుకుని పోయింది. ఒక పెద్ద ఓడ, ఎండిపోయిన గ్రహానికి నీళ్లు మోసుకుపోతుంటుంది. ఓడ కడుపులో నీళ్లు గాలిలోనే తేలుతున్నాయి, కొండంత ముద్దగా, లోపలినుంచి వెలుగుతూ. బిందె లేదు, గట్టు లేదు, కింద నేల లేదు. అన్ని నీళ్లు అట్లా తమంతట తాము ఒక్కచోట నిలబడడం చూసి నేను నోరు తెరిచింది మళ్లీ మూసినట్టు గుర్తులేదు. ఆ రోజు ఆ ముద్దను చూడకపోతే నేను ఫిజిక్స్ చదివేదాన్ని కాదేమో. ఓడలో ఉన్నవాళ్లకు తాగే నీళ్లు కొలిచి ఇస్తారు. సరుకు నీళ్లకు సీలు. దాన్ని ముట్టుకోకూడదు. నల్లా దగ్గర బిందెల వరసలో పెరిగినదాన్ని, ఈ రూలు నాకెవరూ విడమరచి చెప్పనక్కర్లేకపోయింది.

ఒకడు డబ్బుకు అమ్ముడుపోయి ఓడలో గాలి పాడుచేస్తాడు. ఒక్కొక్కరే కూలిపోతారు, ఏళ్ల తరబడి ఆ నీళ్లు మోస్తున్న ఓడ పెద్దాయనతో సహా, ఆ పాడు పని చేసినవాడితో సహా. ఓడ నడిపే ఆమె ఒక్కతే మిగులుతుంది. ఓడ పక్కకు ఒరిగింది, నీళ్ల ముద్ద ఊగింది, దానితోపాటు కుర్చీలో నేనూ ఊగాను. ఇంటర్వెల్ లైట్లు వెలిగేసరికి నాకు వాంతులు. అమ్మ నన్ను ఎత్తుకుని బయటికొచ్చేసింది.

దారిలో నాకు ఒకటే ఏడుపు. "అమ్మా, మల్ల ఏమైతది? ఆమె ఎట్ల పోతది?"

అమ్మ నన్ను ఆ భుజం మీంచి ఈ భుజానికి మార్చుకుంది. తర్వాత చెప్పింది. ఆమె తప్పించుకునే చిన్న పడవ దగ్గరికి పోయింది. తలుపు తెరిచింది. ఒక కాలు లోపల పెట్టింది. ఆగింది. "నీళ్లోడ నడిపిన మనిషి బిడ్డా. నోరెండి సచ్చినోల్లను గట్లనే ఇడిసిపెట్టి పోతదా?" వెనక్కి పోయి, ఎవరూ ముట్టుకోకూడని సీలు పగలగొట్టి, ఒక్కొక్కరి నోట్లో ఇన్ని నీళ్లు పోసింది. పెద్దాయనకు పోసింది. అందరినీ చంపినవాడికి కూడా పోసింది. ఆ తర్వాతే తలుపు వేసుకుంది.

మర్నాడు వాకిట్లోనూ అదే చెప్పింది. రాళ్లు ఏరుతున్న చేతులు ఆగిపోయాయి. కొందరు కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

కొన్నాళ్లకు పక్క గదిలో ఉండే పిన్నిగారు ఆ సినిమా చూసొచ్చారు. ఆమెది కృష్ణా జిల్లా. చెప్పులు విప్పకుండానే వాకిట్లో నిలబడి మొదలుపెట్టారు. "అక్కయ్యగారూ, నీళ్ళు పొయ్యడమూ లేదు, ఏమీ లేదండీ! పరిగెత్తింది, పడవెక్కేసింది, ఓడ ఢామ్మంది. అంతే. మీరసలు సినిమా పూర్తిగా చూశారా అని నా అనుమానం."

"ఇంటర్వెల్ దాంక జూసిన. పిల్లకు పానం మంచిగ లేకుండె" అంది అమ్మ.

"మరి మిగతాదంతా?"

వాకిలి మొత్తం నవ్వింది. కొంగుతో కళ్లు తుడుచుకున్నవాళ్లే ఎక్కువ నవ్వారు. ఆ తర్వాత అమ్మ ఏ సినిమా ఎత్తినా ఎవరో ఒకరు "గిది జూసి చెప్తున్నవా, చూడకనా?" అనేవాళ్లు. ఒకరోజు అమ్మ అందరి చేతుల్లోంచి పళ్లాలు తీసుకుని లోపలికి పోయింది. ఇక చెప్పలేదు. ఎన్ని సినిమాలు చూసినా, టీవీలో ఎన్ని సీరియళ్లు వచ్చినా "ఏమైంది?" అంటే "నువ్వే జూస్కో" అనడమే.

నేను ఎవరితోనైనా వాదించి గెలుస్తాను. ఈ ఒక్క కేసు గెలవలేకపోయాను. ఎత్తినప్పుడల్లా అమ్మ ఒకటే అంటుంది: "ఆమె తప్పేం జెప్పలే బిడ్డా. నేను జూడలే." ఆ సినిమా ఈమధ్య ఫోన్‌లో దొరికితే చివరిదాకా చూశాను. పిన్నిగారు చెప్పిందే నిజం. ఓడ నడిపే ఆమె పరిగెత్తింది, మరుక్షణం పడవలో ఉంది. ఆ రెండింటి మధ్య ఏమీ లేదు.

మొన్న వానల్లో బండి అతను ప్లాస్టిక్ పట్టా కప్పుతుంటే, దాని కింద ఒక అట్ట కనిపించింది. తల చుట్టూ గాజు బుడగ పెట్టుకున్న ఆమె, వెనక నీళ్ల ముద్ద. ఆ సినిమా నవలే. మధ్యలో ఫోటోలు లేవు, అచ్చయింది సినిమా విడుదలకు ముందే. మొదటి పేజీ పంచనామా కాదు. నేను తిన్నగా ఆ మాటల్లేని చోటుకు పోయాను, సినిమాలో పరుగుకూ పడవకూ నడుమ ఏమీ లేని చోటుకు.

పుస్తకంలో ఆమె తలుపు దగ్గర ఆగింది.

వెనక్కి పోయింది. సీలు పగలగొట్టింది. చేతి తొడుగు తీసేసి, వేళ్లు తడిపి, చనిపోయిన పెద్దాయన పెదవులు తడిపింది. అన్నేళ్లు ఆయన మోసిన నీళ్లలో ఆయనకు దక్కింది ఆ తడి ఒక్కటే. ఆ తర్వాతే పడవెక్కింది.

వాన నా వీపు మీద పడుతోంది. పట్టా అంచు పట్టుకుని అట్లాగే నిలబడ్డాను.

"ఏమైంది మేడమ్? బీపీనా? జర కూసోండ్రి" అన్నాడు బండి అతను. ఎంత చెబితే అంత ఇచ్చేశాను. అతనికి అప్పుడు నిజంగా భయమేసింది.

ఎక్కడో, నాకు పేరు తప్ప తెలియని ఒక మనిషి. అతనికి మా వాకిలి తెలియదు, నల్లా తెలియదు, పోయేవాళ్ల నోట్లో నీళ్లు పోసే మన ఆచారం తెలియదు. ఆ సీను తర్వాత కోసేసినదై అతనికిచ్చిన కాగితాల్లో ఉందో, అతనే పుట్టించుకున్నాడో నాకు తెలియదు. మా అమ్మకు అతని భాష తెలియదు. ఆమెకూ సినిమా సగమే తెలుసు. ఇద్దరూ ఆ చివరి తలుపు దగ్గర ఓడ నడిపే ఆమెను ఆపి వెనక్కి పంపించారు. ఎక్కడెక్కడో ఉన్న ఇద్దరు మనుషులు, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా కొలిచి ఒకే రీడింగ్ తెస్తే, దాన్ని పొరపాటు అనొద్దని పిల్లలకు నేనే చెబుతాను. చెప్పేటప్పుడు నాకు ఒళ్లు జలదరించలేదు. ఆ వానలో జలదరించింది.

పిన్నిగారిప్పుడు ఎల్బీనగర్‌లోనే, మా వెనక వీధిలో ఉంటారు. ఆదివారం మధ్యాహ్నం అమ్మతో కూర్చోవడానికి వస్తారు. ఆ ఆదివారం ఇద్దరినీ సోఫాలో కూర్చోబెట్టి ఆ పేజీ తెలుగు చేస్తూ చదివాను.

చదవడం అయిపోయింది.

"సినిమాలో ఇది లేదు కదే" అన్నారు పిన్నిగారు.

"లేదు పిన్నిగారూ. మీరు చెప్పింది నిజమే."

"మరీయన ఎక్కణ్ణించి తెచ్చాడు?"

"ఈయన సినిమా చూడలేదు. చూడకుండానే రాశాడు."

"చూడకుండా రాస్తే అచ్చేశారా! వీళ్ళ దుంపతెగ."

అమ్మ నా వైపు తిరిగింది. "ఆయన్ను ఎవ్వలు అడగలేదా? జూసినవా అని?"

"అడగలేదమ్మా. పైసలిచ్చి రాయించుకున్నరు."

అమ్మ కళ్లలో నీళ్లు తిరుగుతాయనుకున్నాను. ఏ కాలేజీ నాటకంలోనైనా అక్కడ తిరగాలి. అమ్మ అద్దాలు తీసి తుడిచి పెట్టుకుంది. "ఎంతమందికి వోసింది?"

"పెద్దాయనకొక్కనికే."

"మిగిలినోల్లకు?"

"రాయలేదు."

"గదేంది! సీలు వలగ్గొట్టినంక ఒక్కనికే వోస్తదా? రాసినాయన మంచోడే గని, తొందరల ఉన్నట్టున్నడు."

"అదే కదా" అన్నారు పిన్నిగారు, ముందుకు జరిగి. "ముందు ఆ దరిద్రుడికి పోసింది, అందర్నీ చంపినవాడికి. ఆ తర్వాతే పెద్దాయనకి."

"కాదు చెల్లె. ముందు పెద్దాయనకే."

"కాదు అక్కయ్యా, నాకు బాగా గుర్తు. వాడికి పోసేటప్పుడు చెయ్యి వణికిందన్నారు మీరు."

"వణికింది. గని ఆఖర్ల వోసింది. వానికి ముందు వోస్తే మిగిలినోల్లు ఊకుంటరా?"

"చచ్చినవాళ్ళు ఊరుకోక ఏం చేస్తారండీ!"

ఏ సినిమాలోనూ లేని సీను మీద ఇద్దరూ గొంతులు పెంచుకున్నారు. వాదన నా ఇంటి సరుకు, కానీ ఆ మధ్యాహ్నం నాకు వేలు పెట్టే సందు దొరకలేదు. పిన్నిగారికి అంతా కంఠతా వచ్చు. ఆ కథ దారిలోనే విన్న నాకన్నా ఆమెకే ఎక్కువ గుర్తుంది.

ఉన్నట్టుండి అమ్మ లేచి వంటింట్లోకి పోయింది. కోపమొచ్చిందనుకున్నాను. చిక్కుడుకాయల పళ్లెం పట్టుకుని వచ్చింది. సగం పిన్నిగారి ఒడిలో కుమ్మరించింది. మిగిలిన సగం పళ్లెంతో సహా నా ముందుకు జరిపి, కొంగు సర్దుకుంది.

"పుస్తకం పక్కకు వెట్టు బిడ్డా" అంది. "ఈనెలు తియ్యి."